అయిదు భాషల్లో నాయన తిట్లు

నాయన పోయి ఏడాదిన్నర అయింది. మధ్యాహ్నం పూట, అమ్మ కలిపిచ్చిన మజ్జిగ తాగి పడుకుని, నిద్రలోనే పోయాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటివి చదివేటప్పుడు చివరికేమవుతుందోనని గుండె పట్టుకుని కూర్చునే అలవాటు నాకూ ఉంది. గుండె వదిలేయండి. అందరికీ అయ్యేదే ఆయనకూ అయింది. చెప్పుకోవలసినదంతా అంతకుముందు జరిగింది.

ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో కిటికీలు మూసుకుని, లోపలి మనిషి మాట బయటికి వినపడకూడదని మొక్కుకుంటూ కూర్చుని ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. వైద్యం గురించి నన్నడగొద్దు. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో లారీలకు సిమెంటు బస్తాలు ఎక్కించే పని చూసుకునేవాణ్ణి. నా సలహా బస్తాల వరకే పనికొస్తుంది.

నాయన తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాడు. అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళకు గది తాళాలివ్వడం, వేన్నీళ్ళు ఎన్ని గంటలకో చెప్పడం, ఆ వేన్నీళ్ళు రానప్పుడు తిట్లు తినడం ఆయన ఉద్యోగం. తెలుగు, అరవం, కన్నడం, హిందీ, మరాఠీ. అయిదు భాషల్లోనూ తిట్టించుకుని, అయిదు భాషల్లోనూ "తప్పయిపోయింది సామీ" అనేవాడు. ఇంట్లో కూడా గొంతు పెంచి ఎరగడు. చిన్నప్పుడు గోళీలాటలో నేర్చుకున్న మాట ఒకటి నేను ఇంట్లో అన్నాను. ఆయన కొట్టలేదు. నా వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని తనే బయటికి వెళ్ళిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది.

2000 చలికాలంలో ఒకే గదిని మూడు కుటుంబాలకు ఇచ్చాడు. మూడూ మూడు రాష్ట్రాల కుటుంబాలు. అలా రెండుసార్లు జరిగాక, లాడ్జి ఓనరు నాయనకు శాలువా కప్పి, దండ వేసి, స్కూటర్ మీద స్వయంగా ఇంటికి తెచ్చి దింపాడు. "రెస్టు తీసుకోనీ ధనమ్మా" అని అమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు. సన్మానం ఎందుకు జరిగిందో మాకు అర్థం కావడానికి పది రోజులు పట్టింది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లే లాడ్జి. ఎవరొచ్చినా నాయన చేతులు జోడించి "ఎంతమంది సామీ? పిల్లోళ్ళు ఉండారా?" అని అడిగేవాడు. నేను డ్యూటీ దిగి వస్తే బీరువా తాళం నా చేతిలో పెట్టి, "పన్నెండో నెంబరు. వేన్నీళ్ళు ఆరింటికి" అనేవాడు. నేను తాళం తీసుకుని పోయి పడుకునేవాణ్ణి. "జబ్బు కూడా మా ఇంటికి మర్యాదగానే వచ్చింది" అని అక్కతో ఫోన్లో జోకు వేశాను. అక్క నవ్వలేదు. అక్క నాకన్నా తెలివైనది.

2001 వేసవిలో పుత్తూరు నుంచి మా మేనమామ చూడ్డానికి వచ్చాడు. నాయన లేచి, చేతులు జోడించి, చక్కగా నవ్వి, ఒక మాట అన్నాడు. ఆ మాట నేను రాయను. ఇది అచ్చులో వచ్చేది, మా అక్క అత్తగారు చదివేది. మామ చేతిలో కాఫీ గ్లాసు నోటికీ ఒడికీ మధ్యలో ఆగిపోయింది.

"ఏమంటివి బావా?"

నాయన అదే మాట మళ్ళీ అన్నాడు. అర్థం కాలేదేమోనని కన్నడంలో కూడా చెప్పాడు.

"ఆ రెండోది 'కాఫీ సల్లారిపోతాది, తాగు' అనిరా అన్నా" అంది అమ్మ. మామ తాగాడు. సాయంత్రం బస్సుకు పోవలసినవాడు మధ్యాహ్నం బస్సుకే పోయాడు.

నాకు అప్పుడే ఒకటి తోచింది. ముప్పై ఒక్క ఏళ్ళు యాత్రికులు ఆయన మీద పోసి పోయినవేవీ నాయన పారబోయలేదు. అన్నీ లోపల గదుల్లో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇప్పుడు జబ్బు వచ్చి తాళాలు తీసేస్తోంది. సరుకు మాత్రం మొదటి రకం. నాసిక్ నుంచి ధర్మపురి దాకా ఎవరెవరి కోపమో మా వరండాలో వినపడేది.

అమ్మకు ఇందులో నవ్వాల్సింది ఏమీ కనపడలేదు. నలభై ఏళ్ళు "మునిరత్నం పెండ్లామా? ఆయప్ప దేవుడు" అనిపించుకున్న మనిషి ఆమె. మే నెల ఎండల్లో కిటికీలు మూసేసింది. నాయన మొదలుపెట్టగానే రేడియో గట్టిగా పెట్టేది. ఎవరైనా అడిగితే "రేడియోలో నాటకం వస్తా ఉండాది" అనేది. ఏ ప్రభుత్వమూ అలాంటి నాటకానికి అనుమతి ఇవ్వదని నేను చెప్పి చూశాను. వినలేదు. క్రమంగా పూలకు పోవడం మానేసింది. కూరలకు నేను పోయేవాణ్ణి. ఆ దీపావళికి అమ్మ వీధి మలుపు దాటక నాలుగు నెలలయింది. చూస్తూండగానే జాకెట్లు వదులయ్యాయి. నాయనకు జబ్బు చేస్తే తరుగుతున్నది అమ్మ.

దీపావళి అయ్యాక అక్కా, నేనూ కలిసి ఇద్దర్నీ వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద హాలు, ఇనుప బెంచీలు, చేతిలో టోకెను. నాయన ఎదుటి బెంచీలోని మీసాల మనిషిని చూసి అరవంలో ఎత్తుకున్నాడు. ఆ మనిషి మెడ నా నడుమంత ఉంది. ఆసుపత్రిలోనే ఉన్నాం కదా, దెబ్బలు తగిలినా దూరం పోనక్కర్లేదని ధైర్యం చెప్పుకున్నాను.

మీసాలాయన కోపం తెచ్చుకోలేదు. పక్కనున్న ముసలామెను చూపించి అరవం కలిసిన తెలుగులో అన్నాడు: "ఇది మా అమ్మ, తమ్ముడూ. రెండేళ్ళుగా నన్ను మా నాయన అనుకుంటా ఉండాది. సినిమాకు తీసకపోలేదని దినామూ కొట్లాట. మీదన్నా తిట్లే. నాది కాపురం!"

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మనిషి సంచీలోంచి ఒక కమలాపండు తీసి, ఒలిచి, సగం వాళ్ళమ్మకూ సగం మా నాయనకూ పెట్టాడు. నాయన "నండ్రి సామీ" అన్నాడు, పాత నాయన లాగే. ఆ పూట మా టోకెను వచ్చేదాకా మూడు గంటలు పట్టింది. ఏడాదిలో మాకు హాయిగా గడిచిన మూడు గంటలు అవే.

లోపల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది, తగ్గేది కాదని చెప్పింది. "తిట్టేది జబ్బు, మనిషి కాదు. సరిదిద్దాలని చూడకండి" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మీరు నిద్రపోతున్నారా?" అని అడిగింది. అంతే. అమ్మ ఏడ్చింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు, ఇంట్లో ఉన్న నాతో సహా. నేను ఫ్యాను వైపు చూశాను. దానికి మూడు రెక్కలు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేనేదో నవ్వుతూ నెట్టుకొచ్చానని అనుకుంటారు. 2002 మొదట్లో ఒక ఉదయం నాయన అన్నం కంచం మూడోసారి నా మీద బోర్లించాడు. డ్యూటీకి వేసుకున్న చొక్కా. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, వీధంతా వినపడేలా అరిచాను. నాయన తిట్టలేదు. చేతులు జోడించి, తల వంచి, "తప్పయిపోయింది సామీ, మేనేజరు రాంగానే సెప్తా" అన్నాడు.

నన్ను కూడా వేన్నీళ్ళ కోసం అరిచే యాత్రికుల్లో కలిపేశాడు.

ఆ రోజు గోడౌన్‌లో సిమెంటు బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు, ఎవరూ అడగలేదు. హమాలీ మేస్త్రీ ఒకాయన టీ గ్లాసు నా పక్కన పెట్టి పోయాడు. ఆయనకు దండం. మీరెవరైనా అరిచి ఉంటే, ఒక్కటే చెప్పగలను: నేనూ అరిచాను. మరుసటి రోజు మళ్ళీ అన్నం పెట్టాను.

ఏప్రిల్‌లో అక్క ఒక దారి తెచ్చింది. ఆమె కాపురం చిత్తూరులో. అక్కడికి దగ్గర్లో వృద్ధుల ఆశ్రమం ఒకటుంది. పోయి చూసొచ్చింది, గదులు చూసింది, వంట తిని చూసింది.

"మంచి సోటు. నాయన ఆడుంటే నేను దినామూ పోయి సూస్తాను. ఈడుంటే నాయన ఎట్లాగూ తిరిగి రాడు, అమ్మ గూడా పోతాది. నాకు ఇద్దరు పోయేది వద్దురా మురళీ" అంది.

నేను కాదనలేకపోయాను. అమ్మ సగమైపోయింది, అక్క చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఫారం నేనే నింపాను, నీటుగా. అమ్మ తన చేత్తోనే నాయన పంచెలు ఉతికి, మడిచి, సంచీలో పెట్టింది. మే నెలలో ఒక బుధవారానికి అక్క కారు మాట్లాడింది.

మంగళవారం రాత్రి గంగజాతర చాటింపు పడింది.

మా తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఏటా మే నెలలో గంగమ్మకు వారం రోజుల జాతర. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదంటారు. రోజుకో వేషం. మగవాళ్ళు సుద్ద పూసుకుంటారు, కుంకుమ పూసుకుంటారు, మీసాలతోనే చీరలు కట్టుకుంటారు. వేషం వేసినవాడు వీధిలో ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. తిట్టు తిన్నవాడు కోపం తెచ్చుకోకూడదు, చేతులు జోడించాలి. ఆ తిట్టుతో ఒంట్లోని చెడు పోతుందని నమ్మకం.

అప్పుడు మాకు ఫోను లేదు. ఎదురింటి టైలర్ మస్తాన్ అంగట్లో ఉండేది. బుధవారం తెల్లారగానే అమ్మ పోయి అక్కకు ఫోను చేసింది.

"చాటింపు పడిపాయ జ్యోతీ. ఎల్ల దాటేదానికి లేదు. కారు వచ్చే వారం రమ్మను."

అక్క గొంతు ఫోను దాటి నాకూ వినపడింది. "అమ్మా, నాయనకు ఆయన పేరే తెలీదు, ఎల్ల తెలుస్తాదా?"

"ఆయనకు తెలీకపోతే గంగమ్మకు తెలీదా?"

మూడేళ్ళ కిందట ఇదే జాతరలో అమ్మ శ్రీకాళహస్తిలో పెళ్ళికి పోయి, మైసూరుపాకు తెచ్చింది. అప్పుడు గంగమ్మ చూడలేదేమో. నాకు వాయిదా ఎవరికి కావాలో అర్థమైంది.

ఆ ఉదయమే తప్పు చేశాను. పాలు తీసుకుని తలుపు గొళ్ళెం పెట్టలేదు. తొమ్మిదింటికి చూస్తే నాయన లేడు. బాత్రూంలో లేడు, మిద్దె మీద లేడు. మస్తాన్ కత్తెర పడేసి నాతో పరిగెత్తాడు. వెనక అమ్మ, తలమీద కొంగు కప్పుకుని. వేలూరు ప్రయాణం తప్పిస్తే, పది నెలల్లో మొదటిసారి వీధి మలుపు దాటింది. దాటినట్టు ఆమెకు తెలియనే లేదు.

మూడు వీధుల అవతల, కూడలిలో డప్పులు మోగుతున్నాయి. ఒంటినిండా తెల్లసుద్ద పూసుకుని, వేపమండలు పట్టుకుని ఇరవై మంది కుర్రాళ్ళు. మధ్యలో నాయన. ఎవరో ఆయనకు కూడా ముఖానికీ ఛాతీకీ సుద్ద పూసి, చేతికి వేపమండ ఇచ్చారు. నాయన నిటారుగా నిలబడి అయిదు భాషల్లో పంచుతున్నాడు.

జనం వరస కట్టారు. ఒక్కొక్కరూ వచ్చి తల వంచుతున్నారు, తిట్టు తీసుకుని చెంపలేసుకుని పోతున్నారు. అరవ యాత్రికుడొకడు వినోదం చూడ్డానికి వచ్చి, తన భాషలో తనకు రావలసింది అందుకుని, తెల్లబోయి దండం పెట్టాడు. ఒక ఆడమనిషి చంకలో బిడ్డను ముందుకు పట్టుకుని, "సామీ, మూడు దినాలుగా జొరం. దీన్ని గూడా ఒక మాట అనండి" అని బతిమాలుతోంది. నాయన అన్నాడు. చాలా పెద్ద మాట. బిడ్డ బోసినోటితో నవ్వింది.

వేషంలో ఉన్న కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు. "అన్నా, మీ నాయనా? యాడ నేర్చినాడన్నా? మేం సంవత్సరమంతా జమ చేసుకున్నేవి పది నిమిషాల్లో అయిపాయ. ఆయప్ప నిలపలేదు!"

"లాడ్జిలో" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

అప్పుడు అమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. నాయన ఆమెను చూశాడు. గుర్తుపట్టినట్టు లేదు. మూడు భాషలు కలిపి ఒకటి వేశాడు. డప్పులు కూడా ఒక క్షణం ఆగాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "చేతులు జోడించు అక్కా, మంచిది" అన్నారు.

అమ్మ చేతులు జోడించలేదు. కొంగు నడుముకు చెక్కి, వేలు చూపించి, ఒకటి తిరిగి వేసింది. ఆ మాట ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఏడాదిగా మూసిన కిటికీల మధ్య విని విని మొత్తం నేర్చుకుంది. మరాఠీ ఉచ్చారణ కూడా బాగుంది. మస్తాన్ గబుక్కున వంగి, లేని చెప్పు వారు సరిచేసుకున్నాడు.

నాయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చి సుద్ద కరిగి చారలు పడేదాకా నవ్వాడు. అమ్మ ఇంకొకటి అంది. అనబోయింది గానీ, నవ్వుతో మధ్యలోనే తెగిపోయింది. పక్కనున్న అరుగు మీద కూలబడి, మోకాళ్ళు కొట్టుకుంటూ నవ్వింది. నేను మా అమ్మానాన్నలు కలిసి నవ్వడం చూసింది అదే మొదటిసారి. ఇరవై నాలుగేళ్ళ వయసులో.

ఇంటికి తెచ్చేసరికి మాకన్నా ముందు వార్త చేరింది. పక్కింటి ఆవిడ చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి నాయన కాళ్ళమీద పోసి, అమ్మతో అంది. "ఇంగ ఆ రేడియో అమ్మేయ్ ధనమ్మా. మాకు ఏ స్టేషనో సంవత్సరంగా తెలుసు."

"తెలిసీ సెప్పలేదేం?"

"నువ్వు కిటికీ తీస్తే గదా సెప్పేది!"

అమ్మ లోపలికి పోయి కిటికీలు తీసింది. ఒకటి తుప్పు పట్టి రాలేదు. నేనూ మస్తానూ సుత్తితో కొట్టి తీశాం.

దీనివల్ల నాయన జబ్బు తగ్గిందనుకోకండి. వీసమెత్తు తగ్గలేదు. జాతర అయ్యాక కూడా తిట్టాడు, అప్పుడు వేషం లేదు కాబట్టి కొందరికి కోపమూ వచ్చింది. మారింది ఒక్కటే, మేం దాచడం మానేశాం. ఎవరొచ్చినా గుమ్మంలోనే చెప్పేవాళ్ళం: "నాయనకు బాగలేదు, ఏమన్నా అంటాడు, పట్టించుకోవద్దు." అప్పుడు చూడాలి మనుషుల్ని. పక్కింటావిడ ఉదయం ఒక గంట వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం మస్తాన్ "అన్నా, డ్యూటీకి రా" అని చెయ్యి పట్టుకుని అంగడికి తీసుకుపోయి, కౌంటర్ వెనక స్టూలు వేసేవాడు. జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్ళను నాయన ఎంతమంది, ఎన్నిరోజులు అని అడిగేవాడు. వాళ్ళు ఒక్క జాకెట్టే, గురువారానికి కావాలి అనేవాళ్ళు. ఇద్దరికీ సరిపోయేది.

ఇంతకీ కారు. చెప్పిన వారానికి అక్క అంబాసిడర్‌లో దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. దారంతా ఏడ్చినట్టుంది. నాయన అరుగుమీద కూర్చుని ఆమెకు నమస్కారం పెట్టాడు. గుమ్మంలో సంచీ సిద్ధంగా ఉంది. అమ్మ మంచి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని బయటికొచ్చింది. సంచీ తీసుకుని, ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది.

"అమ్మా, నువ్వు వెనకాల నాయన పక్కన కూర్చో. దార్లో పట్టుకోవల్ల గదా" అంది అక్క.

"ఆయన రాడు. నేను వస్తా ఉండా."

"యాడికి?"

"మీ ఇంటికే. కారు పిలిపించినావు, వట్టిదే పోతాదా? సంచీలో నా చీరలే ఉండాయి. నాలుగు దినాలు నిద్రపోయి వస్తా."

అక్క నన్ను చూసింది. నేను కారు టైర్లు చూశాను.

"మరి ఆశ్రమం వాళ్ళకు ఏం సెప్పేది?"

"ఇప్పుడొద్దని సెప్పు. నిజంగా సేతగాని దినం వస్తే నేనే పోయి అడుగుతా. అదేం తప్పు కాదు. ఇప్పుడు నాకు కావాల్సింది నిద్ర. ఎక్కు."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎక్కింది, ఈసారి వేరే రకంగా ఏడుస్తూ. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చారులో ఉప్పు తక్కువెయ్యమనీ, నాయనకు గోళ్ళు తీయమనీ, మధ్యాహ్నం మస్తాన్ రాకపోతే పిలవమనీ చెప్పింది. నేను అన్నిటికీ సరేనన్నాను. మలుపు దగ్గర అమ్మ ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నాకు చాలా సంతోషం వేసింది. తర్వాత నాయన స్నానం చెయ్యలేదని గుర్తొచ్చింది.

నాలుగు రోజులని పోయిన మనిషి తొమ్మిది రోజులకు వచ్చింది. బుగ్గలు నిండాయి. జాకెట్టు చేతులు సరిపోయాయి. అరుగుమీద నాయనా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. నాయన తల దువ్వి, గడ్డం గీసి, ఉతికిన పంచెలో ఉన్నాడు. నేను తొమ్మిది రోజుల గడ్డంతో, చొక్కా తిరగేసుకుని, చేతిలో చారు గరిటెతో ఉన్నాను.

అమ్మ సంచీ కింద పెట్టి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దర్లో జబ్బు ఎవురికిరా?" అంది.